టాస్క్ నడిచింది, బ్యాకప్ మాత్రం లేదు: ఎక్కడ వెతకాలి?

నాకు తెలిసిన ఒక ఆడిట్ ఆఫీసులో హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ ఉందిలే అన్న ధీమాతో నెట్‌వర్క్ ఫోల్డర్ తెరిస్తే, అందులో చివరి ఫైలు నెలన్నర కిందటిది. పెట్టిన టైముకు పనులను (టాస్కులను) దానంతట అదే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్ తెరిచి చూశాను. ‘లాస్ట్ రన్ టైమ్’ నిన్న రాత్రి 11 గంటలు, ‘లాస్ట్ రన్ రిజల్ట్’ 0ఎక్స్0. అంటే అంతా సవ్యం అని! ఆ నెలన్నర పద్దులన్నీ ఆఫీసు సిబ్బంది మళ్ళీ కూర్చుని కొట్టాల్సి వచ్చింది. ఇంకెవరికీ ఆ అవస్థ రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక పని చేయండి. టాస్క్ షెడ్యూలర్‌లో హిస్టరీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కుడివైపు ‘ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ’ నొక్కండి. అది లేకుండా కారణం వెతకడం చీకట్లో తడుముకోవడమే.

డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది, రాత్రి నడవదు

నేను ఎక్కువగా చూసేది ఇదే. ఆ ఆఫీసులో జరిగిందీ ఇదే. బ్యాచ్ ఫైలులో (టాస్క్ నడిపే కమాండ్లు రాసిన ఫైలు) గమ్యం జెడ్ డ్రైవ్ అని రాశారు. ఆ జెడ్ డ్రైవ్ మీరు లాగిన్ అయినప్పుడు మీ సెషన్‌లో మ్యాప్ అయ్యేది, అంటే నెట్‌వర్క్ ఫోల్డర్‌కు తగిలించిన డ్రైవ్ అక్షరం. టాస్క్‌లో ‘రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్’ పెట్టగానే అది వేరే సెషన్‌లో నడుస్తుంది, అక్కడ జెడ్ అన్న డ్రైవే ఉండదు.

డ్రైవ్ అక్షరం తీసేసి పూర్తి నెట్‌వర్క్ దారి రాయండి: రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. టాస్క్‌లో ఆ ‘రన్ వెదర్’ ఆప్షన్ కిందే ఉన్న ‘డు నాట్ స్టోర్ పాస్‌వర్డ్’ టిక్ కూడా తీసేయండి. అది ఉంటే టాస్క్‌కు ఆ కంప్యూటర్‌లోని ఫైళ్ళే అందుతాయి, నెట్‌వర్క్ అందదు. పరీక్షించేటప్పుడు బ్యాచ్ ఫైలు మీద క్లిక్ చేయకండి. షెడ్యూలర్‌లో టాస్క్ మీద రైట్ క్లిక్ కొట్టి ‘రన్’ అనండి. రాత్రి ఏం జరుగుతుందో అప్పుడే తెలుస్తుంది.

0ఎక్స్1 వస్తోంది, లేదా ఎప్పుడూ 0ఎక్స్0

కాపీకి రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) వాడుతుంటే ‘లాస్ట్ రన్ రిజల్ట్’లో 1 చూసి కంగారు పడకండి. దాని భాషలో 0 అంటే కొత్తగా కాపీ చేయాల్సిందేమీ లేదని, 1 అంటే ఫైళ్ళు కాపీ అయ్యాయని. 8, ఆ పైన వస్తేనే ఏదో కాపీ కాలేదని అర్థం. ఇది తెలియక ఆ ఆఫీసులో ఎవరో బ్యాచ్ ఫైలు చివర ‘ఎగ్జిట్ 0’ అని, అంటే ఏం జరిగినా 0 అనే చెప్పమని, రాసిపెట్టారు. ఎర్రర్ కనబడటం మానేసింది. జెడ్ డ్రైవ్ దొరకని రోజు కూడా అదే 0ఎక్స్0 చూపించింది.

రోబోకాపీ లైను కిందే ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8 ఎగ్జిట్ 1’, దాని కింద ‘ఎగ్జిట్ 0’ రాయండి. అప్పుడు 0ఎక్స్1 వస్తే నిజంగానే తేడా ఉన్నట్టు.

పొద్దున చూసినా ‘రన్నింగ్’ అనే ఉంది (0ఎక్స్41301)

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మూయకుండా ఇంటికి వెళ్తే దాని ఫైళ్ళు లాక్ అయి ఉంటాయి. లాక్ అయిన ఫైలు దగ్గర రోబోకాపీ 30 సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. డిఫాల్ట్‌గా ఎన్నిసార్లో తెలుసా? 10 లక్షల సార్లు! ఈలోగా మర్నాటి టాస్క్ టైమ్ వస్తుంది, పాతది నడుస్తోంది కాబట్టి కొత్తది మొదలవదు. మూడు రోజులు దాటాక షెడ్యూలరే దాన్ని ఆపేస్తుంది. కమాండ్ చివర స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 చేర్చండి. రెండుసార్లు, ఐదేసి సెకన్లు చాలు. తెరిచి ఉన్న ఫైళ్ళు కూడా కావాలంటే వాల్యూమ్ షాడో కాపీ (వాడకంలో ఉన్న ఫైళ్ళకూ ఆ క్షణపు నకలు తీసే విండోస్ సదుపాయం) వాడే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాల్సిందే.

కొన్ని రోజులు అసలు మొదలే కాదు

‘కండిషన్స్’ ట్యాబ్ చూడండి. ఏసీ పవర్ ఉంటేనే మొదలవ్వాలి, బ్యాటరీకి మారితే ఆగిపోవాలి అన్న రెండు టిక్కులూ ముందే పెట్టి ఉంటాయి. ల్యాప్‌టాప్‌కే కదా అనుకోకండి. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన యూపీఎస్‌ను కూడా విండోస్ బ్యాటరీగానే చూస్తుంది. కరెంటు పోయిన వేళ టాస్క్ టైమ్ వస్తే ఆ రోజుకు అంతే.

సిస్టమ్ షట్‌డౌన్ చేసి వెళ్ళేవాళ్ళు ‘సెట్టింగ్స్’లో ‘రన్ టాస్క్ యాజ్ సూన్ యాజ్ పాజిబుల్ ఆఫ్టర్ ఎ షెడ్యూల్డ్ స్టార్ట్ ఈజ్ మిస్డ్’ టిక్ పెట్టుకోవాలి. ‘వేక్ ద కంప్యూటర్’ ఆప్షన్ నిద్రలో ఉన్న సిస్టమ్‌ను లేపుతుంది, ఆపేసిన దాన్ని లేపలేదు.

లాగిన్ పాస్‌వర్డ్ మార్చిన రోజు నుంచి ఆగిపోయిందా? టాస్క్‌లో పాతదే ఉంది. ప్రాపర్టీస్ తెరిచి ఓకే కొడితే కొత్తది అడుగుతుంది.

ఆ ఆఫీసులో ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం బ్యాకప్‌లోంచి ఒక కంపెనీ డేటాను వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి, తెరిచి, ఆ వారం చివరి వోచర్ నంబరు సరిపోయిందో లేదో చూసి రిజిస్టర్‌లో సంతకం పెడుతున్నారు.