రేకు కురుస్తోందా? గ్రైండర్ పట్టే ముందు ఇది చదవండి

మా అమ్మమ్మ వాళ్ల వంటింటి మీద సిమెంటు రేకులే ఉండేవి. పొగగొట్టం పెట్టడానికి మేస్త్రీ రేకు కోస్తుంటే తెల్లటి దుమ్ము పొయ్యి మీద గిన్నెల దాకా రాలింది. అమ్మమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అంతా చీపురుతో ఊడ్చేసింది. ఆ దుమ్ములో ఏముందో ఆ రోజు ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందులో ఉన్నది ఆస్బెస్టాస్, మన పుస్తకాల్లో రాతినార. గనిలో దొరికే ఖనిజమే, కానీ నారలా చీలుతుంది. మన పులివెందుల ప్రాంతంలోనూ ఒకప్పుడు తవ్వారు. రేకులో దాదాపు పదో వంతు ఇదే ఉంటుంది, మిగతాదంతా ప్రధానంగా సిమెంటు. రేకు కదలకుండా గట్టిగా ఉన్నంతకాలం నార సిమెంటులో బిగిసి ఉంటుంది. కోసినా, గీకినా, పగలగొట్టినా గాల్లోకి లేచి ఊపిరితో లోపలికి వెళ్తుంది, ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ తెచ్చిపెట్టగలదు. కాబట్టి రేకుల ఇంట్లో ఉంటున్నామని టెన్షన్ పడకండి. ఆ రేకుతో మనం చేసే పనుల దగ్గరే జాగ్రత్త కావాలి.

సమస్య: మా రేకులో ఆస్బెస్టాస్ ఉందో లేదో తెలియదు

కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తేనే తేలుతుంది. ముక్క విరిచి పరీక్షకి పంపడం కన్నా, పాత సిమెంటు రేకు ఏదైనా సరే, అందులో ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని పని చేయడం మంచిది. కొత్తవి కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేనివి కావాలని అడిగి, బిల్లు మీద ఆ మాట రాయించుకోండి.

సమస్య: వానకి రేకు కురుస్తోంది

చాలాసార్లు కారణం రేకు కాదు, బోల్టు. బోల్టు కింద వాషర్ ఎండకి ఎండి పగిలిపోతుంది, నీళ్లు అక్కడినుంచి దిగుతాయి. వాషర్ మార్చి, చుట్టూ సీలెంట్ పూస్తే సరిపోతుంది. సన్నటి పగులైతే తడిపి, వాటర్‌ప్రూఫ్ పూత వేయండి. నాచు ఉందని వైరు బ్రష్‌తో రుద్దకండి, ప్రెషర్ పంపు పెట్టి కడగకండి. రెండూ రేకు పైపొరను లేపేస్తాయి. నాచు మిమ్మల్ని ఏమీ చేయదు, దాన్ని అలాగే వదిలేయండి.

ఇంకో మాట, ఇది ఊపిరితిత్తులకి సంబంధం లేనిదే అయినా చెప్పాలి. పాత రేకు మనిషి బరువు ఆపదు. దాని మీద నేరుగా కాలు పెట్టకండి, దూలాలకి అడ్డంగా చెక్కపలకలు వేసుకోండి.

సమస్య: రేకు కోయక తప్పదు

గ్రైండర్ అస్సలు వద్దు. అది నిమిషంలో గదంతా దుమ్ము చేస్తుంది, ఆ నార కంటికి కూడా కనపడదు. సబ్బు నీళ్లతో రేకును బాగా తడిపి చేతి రంపంతో నెమ్మదిగా కోయండి, కోస్తున్నంతసేపూ తడుపుతూనే ఉండండి. పిల్లల్ని, గర్భిణుల్ని అటు రానివ్వకండి. ముక్కుకి కట్టిన తువ్వాలు ఈ నారను ఆపదు, అతి సన్నటి దుమ్మును కూడా ఆపే ఎఫ్ఎఫ్‌పి3 (FFP3) రకం మాస్కు కావాలి. పని అయ్యాక ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా పారేయండి. వేసుకున్న బట్టలు దులపకుండా విడిగా ఉతకండి. భర్త పనిబట్టలు ఉతికిన ఆడవాళ్లకి కూడా ఈ జబ్బులు వచ్చాయి.

పని చేయిస్తున్నది మీరైతే మాస్కు కొనాల్సిందీ మీరే. రోజుకో ఇంట్లో రేకులు కోసే మనిషికి మీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ప్రమాదం.

సమస్య: పాత రేకులు, ముక్కలు మిగిలాయి

కోళ్లగూటికి, బురదలో పరచడానికి, పిల్లల తొక్కుడుబిళ్లకి వాడేస్తుంటాం. తొక్కేకొద్దీ అవి పొడి అవుతాయి. వాడకండి. పగలగొట్టకుండా, తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలు చుట్టి, ఎక్కడ వేయాలో మున్సిపాలిటీని గానీ కాలుష్య నియంత్రణ మండలిని గానీ అడగండి.

సమస్య: ఏళ్ల తర్వాత ఆయాసం, పొడిదగ్గు

ఇదే అన్నిటికన్నా మోసం చేసేది. ఊపిరితిత్తుల లోతుకి వెళ్లిన నారలో కొంత ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. జబ్బు బయటపడటానికి పది నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఈ నార వల్ల వస్తాయి. మెట్లెక్కితే ఆయాసం, తగ్గని పొడిదగ్గు, ఛాతీలో నొప్పి, వేళ్ల చివర్లు ఉబ్బడం కనిపిస్తే వయసు మీద పడిందని ఊరుకోకండి. టీబీ అనో ఆస్తమా అనో పొరబడే వీలుంది కాబట్టి, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: రేకుల ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు చేశాను, ఆస్బెస్టాస్ ఉన్న బ్రేక్ లైనర్ల దుమ్ము ఊదేవాణ్ని, పాత కట్టడాలు కూల్చాను అని. ఎక్స్‌రే, సీటీ స్కాన్, ఊపిరి పరీక్ష రాస్తారు.

ఆస్బెస్టోసిస్‌ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆ పని మానడం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవడం, అన్నిటికన్నా ముందు బీడీ, సిగరెట్ మానడం మన చేతుల్లో ఉన్నాయి. ఆస్బెస్టాస్, పొగ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఫ్యాక్టరీలో పనిచేసినవారికి ఇంకో దారి ఉంది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటినుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐలో ఆస్బెస్టోసిస్‌ని వృత్తి జబ్బుగా, అంటే చేసిన పని వల్ల వచ్చిన జబ్బుగా గుర్తిస్తారు. ఈఎస్ఐ కార్డు, పాత జీతం స్లిప్పులు ఉంటే పారేయకుండా ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.