పాత గ్రైండర్ మోటారుతో కుమ్మరి సారె

ఖాదీ కమిషన్ 2018లో తెచ్చిన కుమ్హార్ సశక్తీకరణ్ మిషన్ కింద కరెంటు సారెలు ఇస్తారు. దొరికితే అదే తీసుకోండి. గడ్చిరోలి జిల్లా సిరొంచ లాంటి మూలన ఉండి చేతిలో పాత మోటారు, పక్కన వెల్డింగ్ షాపు ఉన్నవాళ్ల కోసం ఈ పద్ధతి.

హోటల్ పిండిగ్రైండర్‌కు వాడే అర హెచ్‌పీ, నిమిషానికి 1440 చుట్ల సింగిల్ ఫేజ్ మోటారు సరిపోతుంది. కూలర్ మోటారుకు ముద్దను తిప్పే బలం ఉండదు.

అందరికీ మొదట తోచేది ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి వేగం తగ్గించడం. పెట్టకండి. వోల్టేజి సగమైతే మోటారు బలం నాలుగో వంతుకు పడుతుంది. చెయ్యి నొక్కగానే సారె ఆగుతుంది. చుట్లు బాగా పడిపోతే లోపలి స్విచ్ స్టార్టింగ్ వైండింగ్‌ను మళ్లీ కలుపుతుంది. క్షణం పనిచేయాల్సిన ఆ తీగ నిమిషాల తరబడి కరెంటు మోసి కాలిపోతుంది. వేగాన్ని పుల్లీతోనే తగ్గించాలి.

అందుకు కింద 24 అంగుళాల సిమెంటు చక్రం కావాలి. 3 అంగుళాల వెడల్పు రేకును గుండ్రంగా వంచి అచ్చు చేయండి. 9 కిలోల సిమెంటు, దానికి రెండింతలు ప్రాణహిత ఇసుక, మూడింతలు అర అంగుళం కంకర, మధ్యలో ఇనుప జాలీ. పది రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచితే 50 కిలోల చక్రం తయారు. తొందరపడి మూడో రోజే తిప్పితే అంచులు రాలతాయి.

25 ఎంఎం ఇరుసుకు 6 అంగుళాల ఇనుప పలక వెల్డింగ్ చేయించి, చక్రాన్ని నాలుగు బోల్టులతో బిగించండి. వెల్డింగ్ ఒకే వైపు సాగదీస్తే పలక వంగుతుంది. ఎదురెదురుగా నాలుగు చుక్కలు పెట్టించాకే చుట్టూ నింపించాలి. బేరింగులు ఆ తర్వాతే: పైన యూసీపీ 205, అడుగున బరువు మోయడానికి 51105. వెల్డింగ్ కరెంటు బేరింగు గుండా పోతే గుండ్లు పాడైపోతాయి.

బిగించే ముందు ఇరుసును రెండు ఇనుప పట్టీల మీద అడ్డంగా పెట్టి వదలండి. బరువైన వైపు కిందికి దిగుతుంది. దాని ఎదురువైపు నట్లు అంటిస్తూ, ఎలా వదిలినా అలాగే నిలిచేదాకా సరిచేయండి. ఈ పని ఎగ్గొడితే నోరు లేపేటప్పుడు రంజన్ (పెద్ద నీళ్ల కుండ) వణుకుతుంది. తప్పు చేతిది అనుకుంటారు.

లారీ ట్యూబు నుంచి వెడల్పాటి రింగు కోసి చక్రం అంచుకు తొడిగితే బెల్టు జారదు. మోటారును నిలువుగా, తలుపు బందులు వేసిన చెక్క మీద బిగించండి. మోటారు పుల్లీ, సిమెంటు చక్రం అంచుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి; అర అంగుళం తేడా ఉన్నా బెల్టు ఎక్కి పడిపోతుంది. స్ప్రింగు చెక్కను చక్రం వైపు లాగి బెల్టును వదులు చేయాలి, కాలి పెడలు దాన్ని వెనక్కి లాగి బిగించాలి. బెల్టు కొలత ముందు తాడు చుట్టి చూసుకోండి.

2 అంగుళాల పుల్లీకి 120 చుట్లు వస్తాయి, రంజన్ నోటికీ పెద్ద కుండలకూ అది చాలు. 4 అంగుళాలదైతే 240. దీపావళి ప్రమిదలు ఒకే మట్టి గుట్ట మీద నుంచి వరసగా తీయడానికి బాగుంటుంది. బెల్టు జారుడు వల్ల నిజానికి కొంచెం తక్కువే. మట్టిని మధ్యకు తెచ్చేటప్పుడు పెడలు నొక్కి, ఆకారం వచ్చాక కాలు తీసేయండి, బరువే తిప్పుతుంది. సగం నొక్కి ఉంచితే బెల్టు వేడెక్కి వాసన వస్తుంది.

తిరిగే దిక్కు మీ చేతికి అలవాటైనదే ఉండాలి. మారాలంటే స్టార్టింగ్ వైండింగ్ రెండు కొసలూ అటూ ఇటూ మార్పించండి.

మోటారు స్విచ్ ఎప్పుడూ బెల్టు వదులుగా ఉన్నప్పుడే వేయాలి. సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు బరువుతో మొదలుపెడితే గుర్రుమంటూ నిలబడిపోతుంది. ఖాళీగా కూడా గుర్రుమంటే ముందు కండెన్సర్ చూపించండి. వైండింగ్ కంటే అది చవక.

తడి చేతులతో చేసే పని కాబట్టి ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా నడపకండి. బెల్టుకు రేకు కప్పాలి, లుంగీ అంచు చాలు లోపలికి లాగడానికి. మోటారు మీద బురద నీళ్లు పడకుండా పైన మట్టి పెట్టే పళ్లెం కింద చెక్క అడ్డు వేయండి, గాలి మాత్రం ఆడనివ్వండి. అడుగు బేరింగుకు గ్రీజు ఎండాకాలం రంజన్ల పని మొదలవకముందే పెట్టాలి. పని నడుమ చక్రం విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి.