అమ్మాయి క్రికెట్‌నే వృత్తిగా ఎంచుకుంటే: జిల్లా సెలక్షన్ నుంచి మ్యాచ్ ఫీజు దాకా

2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్ ఎత్తినప్పటి నుంచి, కూతుళ్లను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు పెరిగారు. అందరూ అడిగేది ఒకటే: "మేడం, మా పాప ఇండియాకు ఆడుతుందా?" రాష్ట్ర జట్టుకు ఆడినదాన్ని, ఇప్పుడు ఒక చిన్న పట్టణంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నదాన్ని. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. దానికి బదులు ఇలా అడగండి: పద్నాలుగేళ్ల నుంచి ఇరవై మూడేళ్ల దాకా మా పాప ఆట మానకుండా ఉండాలంటే మేమేం చేయాలి? ప్రతిభ చాలక ఆగిపోయిన వాళ్లకంటే ఇంట్లో, కాలేజీలో, ఒంట్లో వచ్చిన ఇబ్బందులతో ఆగిపోయిన అమ్మాయిలనే నేను ఎక్కువగా చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పదీ పన్నెండేళ్లకు మొదలుపెడితే మంచిదే. ఆ వయసు దాటిందని మాత్రం వదులుకోకండి. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి మొదట పరుగు పందేల పిల్ల. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది టీనేజీలోనే. ఆ ఎడమచేతి స్పిన్నరే మొన్నటి ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది.

శిక్షణ కేంద్రం చూడటానికి వెళ్లినప్పుడు గోడ మీది ఫొటోలను బట్టి నిర్ణయించుకోకండి. ఒక సాయంత్రం అక్కడే కూర్చుని, ఒక్కో పిల్లకు ఎన్ని బంతులు ఆడే అవకాశం వస్తోందో లెక్కపెట్టండి. గడియ పడే మరుగుదొడ్డి ఉందా, నీళ్లు వస్తున్నాయా చూడండి. అది లేని చోట ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, ఎండలో కళ్లు తిరిగి పడిపోతారు. ఏ బంతితో సాధన చేయిస్తున్నారో కూడా అడగండి. మహిళల మ్యాచుల్లో వాడే బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు. మగవాళ్ల బంతి 156 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలతా ఎక్కువే. చాలాచోట్ల అందరికీ ఆ పెద్ద బంతే ఇచ్చేస్తారు. స్పిన్ వేసే పిల్లకు దానితో వేళ్ల పట్టే తప్పుగా అలవాటవుతుంది. మహిళల బంతులు మీరే కొని సంచిలో పెట్టి పంపండి. బ్యాటు విషయంలో, పెరిగాక సరిపోతుందని పెద్దది కొనవద్దు. మొదట తేలికపాటి కాశ్మీర్ విల్లో (కాశ్మీర్ కర్రతో చేసిన) బ్యాటు చాలు.

అబ్బాయిలతో కలిసి ఆడటం గురించి భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. భారత మాజీ కెప్టెన్ మిథాలీ రాజ్ మొదలుపెట్టింది సికింద్రాబాద్‌లో అన్నతో పాటు వెళ్లిన శిక్షణ శిబిరంలోనే. వేగంగా వచ్చే బంతిని రోజూ ఎదుర్కొన్న పిల్లకు అమ్మాయిల మ్యాచ్‌లో కాస్త తీరిక దొరుకుతుంది.

ఇక కాగితాలు. జిల్లా క్రికెట్ సంఘంలో పేరు నమోదు చేయించాలి. ఆంధ్రలో ఆంధ్రా క్రికెట్ సంఘం కింద, తెలంగాణలో అయితే హైదరాబాద్ క్రికెట్ సంఘం కింద. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, స్కూలు రికార్డు మూడింటిలోనూ పేరు, తేదీ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే సెలక్షన్ల ముందు రోజు కాదు, ఈ నెలలోనే సరిచేయించండి. వయసును సెప్టెంబరు 1 నాటికి లెక్కిస్తారు. అండర్-15 పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. వయసు తగ్గించి చూపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషిని ఇంటికి రానివ్వకండి. దొరికితే పడే నిషేధం పిల్ల మీదే.

సెలక్షన్లలో దొరికేది కొద్ది బంతులే. బౌలరైతే తనకు బాగా వచ్చిన బంతినే మళ్లీమళ్లీ ఒకే చోట వేయాలి, కొత్త రకాలు అక్కడ ప్రయత్నించకూడదు. బ్యాటరైతే మొదటి రెండు మూడు బంతులను తిన్నగా ఆడాలి. ఫీల్డింగ్‌కు నిలబెట్టినప్పుడు మాత్రం సెలక్టర్ల కళ్లు ఎప్పుడూ తన మీదే ఉన్నాయనుకోవాలి. మహిళల మ్యాచ్‌లో బౌండరీ 55 నుంచి 64 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి కీపర్ చేతికి ఒక్క గెంతుతో బంతి విసరగల అమ్మాయిలు మన జిల్లాల్లో తక్కువ. అందుకే విసరడాన్ని వారంలో మూడు రోజులు విడిగా సాధన చేయించండి. రెండో విద్య కూడా ఉండాలి. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి, ఏడు వికెట్లు కూడా తీసింది. టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి తనే.

పిల్లలు ఎక్కువగా జారిపోయేది పద్నాలుగు దాటాక. అమ్మలూ, ఈ భాగం మీకోసం.

నెలసరి మొదలయ్యాక రక్తం తగ్గవచ్చు. "ఈమధ్య బద్ధకంగా ఉంటోంది" అని కోచ్ అన్నప్పుడు తిట్టకండి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా పరీక్ష చేయించండి. గుడ్డు, మాంసం, పప్పు, ఆకుకూర, వాటి మీద నిమ్మరసం పెట్టండి. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి, తిన్నదానిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. నెలసరి తేదీలు ఒక పుస్తకంలో రాసుకోమనండి. మూడు నెలలు రాకపోతే, ఆటలో ఉన్నవాళ్లకు ఇది మామూలే అని వదిలేయకూడదు. చేసే కష్టానికి తగినంత తినడం లేదని ఒళ్లు చెబుతుండవచ్చు. డాక్టరును కలవండి. సరిపోయే స్పోర్ట్స్ బ్రా కిట్‌లో భాగమే. ప్యాడ్లు, గ్లవ్స్ కొన్నట్టే అదీ కొనాలి.

మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగే ప్రమాదం ఈ వయసు నుంచి అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం, ఒంటికాలి మీద కూర్చుని లేవడం, తొడ వెనక కండరాలకు బలం ఇవి రోజూ వార్మప్‌లో ఉండాలి. పేస్ బౌలర్ నడుము కింద నొప్పి అంటే ఆ రోజే బౌలింగ్ ఆపించండి. బామ్ రాసి వేయించకండి. పొడులు, మాత్రలు దుకాణంలో ఎవరో చెప్పారని వాడవద్దు. 2019 నుంచి మన క్రికెటర్లూ నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) చేసే నిషిద్ధ మందుల పరీక్షల పరిధిలోకి వచ్చారు.

చదువు మాన్పించకండి, కానీ కాలేజీని ఆటకు తగ్గట్టు ఎంచుకోండి. ఇంటర్‌లో చేర్పించే ముందే టోర్నీ రోజులకు హాజరు ఇస్తారా అని ప్రిన్సిపాల్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పొద్దుటి నుంచి రాత్రి దాకా తరగతులు నడిపే కాలేజీలో చేర్పిస్తే ఆ రెండేళ్లూ ఆట ఉండదు. నల్లబడుతోంది, పెళ్లెవరు చేసుకుంటారు అనే బంధువులకు జవాబు చెప్పాల్సింది పిల్ల కాదు, మీరు. విశాఖ అమ్మాయి స్నేహ దీప్తి 2013లో భారత్‌కు ఆడింది. పెళ్లయి, తల్లయ్యాక కూడా 2023లో మొదటి డబ్ల్యూపీఎల్ (మహిళల ప్రీమియర్ లీగ్)లో ఢిల్లీ జట్టులో చోటు సంపాదించింది. ఆమె పేరు చెప్పండి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. మొదటి ఐదారేళ్లు ఖర్చే తప్ప రాబడి ఉండదు. రాష్ట్ర సీనియర్ జట్టు తుది పదకొండులో ఆడితే, 2025 డిసెంబరులో పెంచిన లెక్క ప్రకారం వన్డేకు 50 వేలు, టీ20కి 25 వేలు. బెంచీ మీద ఉంటే అందులో సగం. ఏడాదిలో దొరికే మ్యాచులు కొన్నే కాబట్టి ఇదొక్కటే నమ్ముకుని బతకలేం. అందుకే రైల్వే ఉద్యోగాన్ని తక్కువగా చూడకండి. మిథాలీ కూడా రైల్వే ఉద్యోగుల జట్టైన రైల్వేస్‌కే ఆడింది. క్రీడా కోటా నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి, ధ్రువపత్రాలన్నీ ఒక ఫైలులో పెట్టండి.

డబ్ల్యూపీఎల్ వేలంలో కనీస ధర 10 లక్షలు. శ్రీచరణిని 2024 డిసెంబరులో ఢిల్లీ 55 లక్షలకు తీసుకుంది. ఉన్నవి ఐదు జట్లే, చోట్లు తక్కువ. ఆ జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు చూసేది రాష్ట్ర టీ20 మ్యాచులు. అక్కడ ఇరవై బంతుల్లో ముప్పై పరుగులకు ఉన్న విలువ అరవై బంతుల్లో యాభైకి లేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత సాధన ఆ లెక్కలో సాగాలి. భారత జట్టులోకి వెళితే 2022 నుంచి మగవాళ్లతో సమానంగా టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3 లక్షలు. అక్కడికి చేరిన అమ్మాయికి నా సలహా అక్కర్లేదు.

ఇరవై మూడేళ్లకు రాష్ట్ర జట్టులో చోటు రాకపోతే స్కోరింగ్, అంపైరింగ్ పరీక్షలు, క్రికెట్ బోర్డు నడిపే కోచింగ్ కోర్సులు ఉన్నాయి. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి ఆంధ్రకు, రైల్వేస్‌కు ఆడి, 2019లో ఐసీసీ (అంతర్జాతీయ క్రికెట్ మండలి) అంతర్జాతీయ ప్యానెల్‌లో తొలి మహిళా మ్యాచ్ రిఫరీ అయింది. పిల్ల ఇంకా ఆడుతుండగానే, పదహారు పదిహేడేళ్లకే, సెలవుల్లో జిల్లా మ్యాచులకు స్కోరు రాయడానికి పంపండి. ఫీల్డు ఎలా మారుతోందో, ఏ ఓవర్లో ఆట తిరిగిందో రాసే చేతికి తెలుస్తుంది. అది బ్యాటింగ్‌కూ పనికొస్తుంది.