మగ్గం వర్క్ బ్లౌజులకు ఫోన్ ద్వారా ఆర్డర్లు తెచ్చుకోవడం ఎలా?

పెళ్ళిలో ఒకావిడ బ్లౌజు చూసి పక్కనున్నావిడ అడిగే మొదటి మాట "ఎక్కడ చేయించావు?" అని. ఇంట్లో మగ్గం పెట్టుకున్నవాళ్ళకీ, వీధి చివర చిన్న బొటిక్ నడిపేవాళ్ళకీ ఎప్పటినుంచో ఆర్డర్లు ఈ ప్రశ్నతోనే వస్తున్నాయి. సోషల్ మీడియా వచ్చినా ఇది మారలేదు. కాకపోతే ఆ ప్రశ్నకు జవాబుగా ఒక నంబరు, నాలుగు ఫొటోలు, ఒక ధర ఆ పెళ్ళి మండపంలోనే అందేలా చేసుకోవచ్చు. మన ప్రయత్నమంతా దానికోసమే ఉండాలి. ఫాలోవర్లు వేలల్లో ఉన్నా ఆర్డర్లు రాని పేజీలు చాలా ఉన్నాయి. ఐదారొందల మందే ఉన్నా, వాళ్ళంతా మీ ఊరివాళ్ళయితే సీజన్‌లో చేతినిండా పని దొరుకుతుంది.

కింద రాసినవన్నీ మగ్గం వర్క్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. చీర కుచ్చులు వేసేవాళ్ళకీ, డ్రెస్సులు కుట్టేవాళ్ళకీ చాలావరకు పనికొస్తాయి.

1. ముందు వాట్సాప్ బిజినెస్ సరిచేసుకోండి

చాలామంది ఇన్‌స్టాగ్రామ్‌తో మొదలుపెడతారు. నేనైతే వాట్సాప్‌తో మొదలుపెట్టమంటాను. ఎక్కడ చూసినా చివరికి ఆవిడ మెసేజ్ పెట్టేది అక్కడే కదా.

వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌ను ఆ నంబరుతో పెట్టుకోండి. డబ్బులు కట్టక్కర్లేదు. మామూలు వాట్సాప్, ఇదీ రెండూ ఒకే ఫోన్‌లో ఉండొచ్చు. ప్రొఫైల్‌లో షాపు పేరు పక్కనే ఊరి పేరు, మీరు చేసే పని రాయండి. పేరు ఎంత అందంగా ఉన్నా, అది తెనాలిలో ఉందో కరీంనగర్‌లో ఉందో తెలియకపోతే అడగబోయిన మనిషి ఆగిపోతుంది. షాపు తెరిచే వేళలు కూడా రాసిపెట్టండి.

తర్వాత కేటలాగ్. ఇందులో ఐదొందల దాకా ఐటమ్స్ పెట్టుకునే వీలుంది కానీ మొదట్లో ఇరవై చాలు. అన్నీ మీ చేతిమీద తయారైనవే అయి ఉండాలి. సింపుల్ బోర్డర్, బుటీలు, నిండుగా వర్క్ చేసిన చేతులు, పెళ్ళికూతురు బ్లౌజు అని విడదీసి పెట్టండి.

ధర రాయాలా వద్దా అన్నది అందరికీ వచ్చే సందేహమే. రాయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని పెడితే, అడిగితే కొనాల్సి వస్తుందేమోనని మొహమాటపడి చాలామంది అడగరు. అడిగేవాళ్ళలో సగం మందికి ఆ ధర అందుబాటులో ఉండదు, మీ సమయం పోతుంది. డిజైన్‌ను బట్టి మారుతుందనుకుంటే "2,500 నుంచి మొదలు" అని రాసి, అందులో ఏమేమి కలిశాయో చెప్పండి. కుట్టుకూలి కలిపా, వర్క్ ఒక్కటేనా? లైనింగ్ ఎవరిది? డెలివరీ రోజు జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఈ రెండు ప్రశ్నల దగ్గరే పుడతాయి.

ఇదే యాప్‌లో లేబుల్స్ ఉంటాయి. కొత్త ఎంక్వైరీ, అడ్వాన్స్ వచ్చింది, మగ్గం మీద ఉంది, కుట్టుకు వెళ్ళింది, ఇచ్చేశాం అని పెట్టుకుంటే ఎవరి బ్లౌజు ఏ దశలో ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. క్విక్ రిప్లైలు కూడా రాసిపెట్టుకోండి. '/' గుర్తు కొట్టి "కొలతలు" అంటే చాలు, మీరు ముందే రాసుకున్న సమాధానం మొత్తం వచ్చేస్తుంది. ఉదాహరణకు: "నమస్తే అండి. మీకు బాగా సరిపోయే పాత బ్లౌజు ఒకటి ఆది కోసం పంపండి. చీర ఫొటో పగటి వెలుతురులో తీసి పెట్టండి. ఫంక్షన్ ఏ తేదీనో చెప్పండి." ఈ మూడూ తెలిస్తే మీరు ధర, రోజులు వెంటనే చెప్పగలరు.

2. ఫొటోలు

ఈ వ్యాపారంలో సగం అమ్మకం ఫొటోతోనే జరిగిపోతుంది, కాబట్టి దీనికి ఎంత టైమ్ పెట్టినా వృథా కాదు.

ఫ్లాష్ వాడకండి. జరీ, కుందన్లు, కట్ బీడ్స్ మీద ఫ్లాష్ పడితే తెల్లగా మెరిసిపోయి పనితనం కనబడదు. ట్యూబ్‌లైట్ కింద మెరూన్ ఒకలా, పెసర రంగు ఇంకోలా కనిపిస్తాయి. పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట తీయండి. వెలుతురు ఒక పక్కనుంచి పడితే ముడులు, పూసలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. కింద సాదా గుడ్డ పరవండి. పూల దుప్పటి మీద ఎంత మంచి వర్క్ అయినా తేలిపోతుంది.

ప్రతి బ్లౌజుకీ నాలుగు ఫొటోలు కావాలి. వెనక మెడ మొత్తం, చెయ్యి, కుట్టు దగ్గరగా, నాలుగోది బ్లౌజును తిరగేసి లోపలి వైపు. ఆ నాలుగోది ఎవరూ పెట్టరు, మీరు పెట్టండి. దారాలు వేలాడకుండా, ముడులు శుభ్రంగా, లైనింగ్ చక్కగా ఉంటే చూసినవాళ్ళకి నమ్మకం కుదురుతుంది. పూసలు ఊడిపోతాయన్న భయం మగ్గం వర్క్ చేయించుకునే ప్రతి ఒక్కరికీ ఉంటుంది. ఆ భయాన్ని తీర్చేది ఈ ఫొటోనే.

రంగులు మారే ఫిల్టర్లు పెట్టకండి. ఫొటోలో చిలకాకుపచ్చ చూసి వచ్చినావిడకు ముదురాకుపచ్చ ఇస్తే ఆవిడ మళ్ళీ రాదు.

కస్టమరు వేసుకున్న ఫొటో అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. కానీ అడగకుండా పెట్టకండి. బ్లౌజు అందం ఎక్కువగా వీపు మీద, చేతుల మీద ఉంటుంది కాబట్టి ముఖం లేకుండా తీసినా సరిపోతుంది. అలా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

ఇంకొకరి డిజైన్ ఫొటో తెచ్చి మీ పేజీలో మీ పనిలా పెట్టడం మాత్రం చేయకండి. అది తప్పు. పైగా "నాకు అచ్చం ఇదే కావాలి" అని కస్టమరు వచ్చి కూర్చుంటే మీరే ఇరుక్కుంటారు. కస్టమరు తెచ్చిన ఫొటో చూసి చేసినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి, "ఆవిడ అడిగింది ఇది, మేం చేసి ఇచ్చింది ఇది" అని చూపించండి.

3. ఇన్‌స్టాగ్రామ్

సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్ అకౌంట్‌కు మార్చుకోండి, ఉచితమే. అలా మారిస్తే మీ వీడియోలు ఏ ఊరివాళ్ళు చూస్తున్నారో, ఎంతమంది సేవ్ చేసుకున్నారో తెలుస్తుంది. బయోలో ఊరు, ఏరియా, చేసే పని, వాట్సాప్ లింక్ ఉంటే చాలు. ఆ లింక్ వాట్సాప్ బిజినెస్ యాప్‌లోనే 'షార్ట్ లింక్' పేరుతో దొరుకుతుంది.

మన దేశంలో 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ ఆగిపోయాక, ఆ వెంటనే జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ తెచ్చింది. కొత్తవాళ్ళకు మీ పని చేరేది ఎక్కువగా ఈ రీల్స్ ద్వారానే. ఫోన్ నిలువుగా పట్టుకుని పదిహేను నుంచి ముప్పై సెకన్ల వీడియో తీయండి. మొదటి సెకనులోనే పూర్తయిన బ్లౌజు కనబడాలి, తర్వాత అది ఎలా తయారైందో చూపండి. ట్రేసింగ్ (గుడ్డ మీద డిజైన్ గీతలు) వేయడం, గుడ్డను మగ్గానికి బిగించడం, సూది పైకీ కిందికీ ఆడటం మీకు రోజూ చూసేవే. చూసేవాళ్ళకు మాత్రం అవి కొత్త. ఎన్ని రోజుల పని ఉందో వీడియోలో కనబడితే ధర దగ్గర బేరం కూడా తగ్గుతుంది.

పాటల విషయంలో జాగ్రత్త. బిజినెస్ అకౌంట్లకు సినిమా పాటలన్నీ వాడుకునే వీలుండదు, హక్కుల సమస్య వస్తే వీడియో మూగబోతుంది. దానికంటే మీ గొంతుతో మీరే చెప్పండి. "ఇది జర్దోసీ, ఇక్కడ నాట్ వర్క్ వేశాం, ఈ బ్లౌజు వెంకటగిరి చీర మీదికి" అని మామూలుగా మాట్లాడితే చాలు. మీ కారిగరు (మగ్గం పని చేసే మనిషి) చేతులు కనిపిస్తుంటే ఆ పని ఎవరు చేశారో ఒక మాట చెప్పండి.

కింద రాసే క్యాప్షన్‌లో ఊరి పేరు తప్పకుండా ఉండాలి. తెలుగులో రాస్తూనే, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా 'maggam work blouse' అని ఒకసారి రాయండి. చాలామంది ఫోన్‌లో అలా వెతుకుతారు. వారానికి రెండు రీల్స్ చాలు. రోజూ పెట్టాలని టెన్షన్ పడి నెలకే ఆపేయడం కంటే, ఏడాది పొడుగునా వారానికి రెండు పెట్టడం నయం.

4. గూగుల్, ఫేస్‌బుక్

మీ ఏరియాలో "దగ్గరలో మగ్గం వర్క్" అని వెతికేవాళ్ళకు మీరు కనబడాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉండాలి. 2021 దాకా దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. దీనికీ డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లోనే పని చేసేవాళ్ళు, కస్టమర్లను ఇంటికి రమ్మనకపోతే, ఇంటి చిరునామా దాచి ఏయే ఏరియాల్లో పని తీసుకుంటారో మాత్రం చూపించుకోవచ్చు. మీరు నిజంగానే ఉన్నారని నిర్ధారించడానికి గూగుల్ వీడియో అడగొచ్చు. బ్లౌజు నచ్చిందన్న ప్రతి కస్టమరుకూ రివ్యూ లింక్ పంపండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనకండి, గూగుల్ దాన్ని ఒప్పుకోదు.

ఫేస్‌బుక్‌కు ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవే అక్కడా వచ్చేలా కలిపేయండి. విదేశాల్లో ఉన్న మన ఆడవాళ్ళ గ్రూపులు అక్కడ ఉంటాయి, ఆ గ్రూపు నియమాలు చూసుకుని పోస్ట్ చేయండి.

5. పంచాంగం చూసి పోస్ట్ చేయండి

ఇది మన వ్యాపారానికే ప్రత్యేకమైన విషయం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కానీ శ్రావణమాసం పెళ్ళిళ్ళకూ వరలక్ష్మీ వ్రతానికీ బ్లౌజులు వర్క్‌కు ఇచ్చేది ఆ నెలలోనే. చీరల షాపుల్లో ఆషాఢం ఆఫర్లు నడుస్తుంటాయి, చీర కొన్నవాళ్ళకు వెంటనే బ్లౌజు గుర్తొస్తుంది. కాబట్టి శ్రావణం కోసం చేసే ప్రచారం ఆషాఢం మొదటి వారంలోనే మొదలవ్వాలి. తెలంగాణలో ఉన్నవాళ్ళు బతుకమ్మకు కనీసం నెలన్నర ముందు చూపించాలి. మాఘ, ఫాల్గుణ ముహూర్తాలకు సంక్రాంతి ముందే పెళ్ళికూతురు బ్లౌజులు పెట్టండి. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగినప్పుడు చిన్నపిల్లల పట్టులంగాలు, సీమంతం, పుట్టినరోజు డ్రెస్సుల మీదికి మళ్ళండి.

"వరలక్ష్మీ వ్రతానికి ఆర్డర్లు ఫలానా తేదీ దాకా మాత్రమే" అని స్టేటస్‌లో పెట్టి, ఆ మాట మీద నిలబడండి. తేదీ దాటాక ఒప్పుకుని కారిగర్లను రాత్రిళ్ళు కూర్చోబెట్టి, చివరికి వ్రతం అయ్యాక ఇస్తే, ఆ ఒక్క బ్లౌజు వల్ల పోయిన పేరును ఎన్ని రీల్స్ పెట్టినా తిరిగి తెచ్చుకోలేరు.

పాత కస్టమర్లకు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా వెళ్ళేది) పంపొచ్చు. ఒక లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. అందుకే బ్లౌజు ఇచ్చేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండి అక్కా" అని చెప్పండి. అడగకుండా గ్రూపులో చేర్చడం మాత్రం వద్దు.

6. చాట్‌ను ఆర్డరుగా మార్చడం

మెసేజ్ వచ్చిన గంటలోపు ఏదో ఒక జవాబు వెళ్ళాలి. మగ్గం మీద ఉంటే "సాయంత్రం వివరంగా చెప్తానండి" అన్నా చాలు. డిజైన్ ఖాయమయ్యాక ధర, అడ్వాన్స్, ఇచ్చే తేదీ, ఏ రంగు దారం, ఏ పూసలు అన్నీ ఒకే మెసేజ్‌లో రాసి "సరే" అనిపించుకోండి. అడ్వాన్స్ రానిదే గుడ్డ మగ్గానికి ఎక్కించకండి.

అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చే ఆర్డర్లకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఆది బ్లౌజు ఇక్కడున్న వాళ్ళమ్మగారి దగ్గర దొరుకుతుందేమో అడగండి, కానీ అది ఎన్నేళ్ళ నాటిదో కూడా అడగండి. పక్కల లోపల గుడ్డ ఎక్కువ వదిలి కుడితే అక్కడ విప్పుకోగలుగుతారు. ట్రేసింగ్ అయ్యాక ఒకసారి, వర్క్ సగమయ్యాక ఒకసారి వీడియో పంపండి. కొరియర్ రోజులు విడిగా లెక్కేసి తేదీ చెప్పండి.

7. యాడ్స్ ఎప్పుడు?

ఏ పోస్టుకు వాటంతట అవే మెసేజ్‌లు వచ్చాయో దానికి మాత్రమే డబ్బు పెట్టండి. ఎవరూ పట్టించుకోని పోస్టును బూస్ట్ చేస్తే డబ్బు దండగ. యాడ్ పెట్టేటప్పుడు లక్ష్యం దగ్గర వాట్సాప్ మెసేజ్‌లు రావడాన్ని ఎంచుకుని, మీ ఊరి చుట్టుపక్కలకే పరిమితం చేయండి. రోజుకు 200 చొప్పున వారం పెడితే 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే దాదాపు 1,650. ఆ వారంలో వచ్చిన చాట్లకు 'యాడ్' అని లేబుల్ పెట్టి, ఎన్ని ఆర్డర్లయ్యాయో, మీకు ఎంత మిగిలిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. లైకులు లెక్కలోకి తీసుకోకండి.

ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఉచితంగా బ్లౌజు ఇచ్చేముందు ఆవిడ కామెంట్లు చదవండి. అవి మీ జిల్లావాళ్ళవేనా? డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని చేసే ప్రచారాన్ని ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట వీడియోలో ఉండేలా చూడండి.

8. మోసాలు

పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వకండి, బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూడండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, కొట్టమన్నారంటే అది మోసమే. మిలటరీ ఆఫీసరునంటూ పెద్ద ఆర్డరు చెప్పి క్యూఆర్ కోడ్ పంపేవాళ్ళు, "మీ పేజీ మూసేస్తున్నాం, ఈ లింక్ నొక్కండి" అనేవాళ్ళు ఆ కోవలోవాళ్ళే. వాట్సాప్‌కూ ఇన్‌స్టాగ్రామ్‌కూ రెండంచెల భద్రత ఇవాళే పెట్టుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చివరగా చెడు కామెంట్ల సంగతి. పూస ఊడిందని ఎవరైనా పేజీలో రాస్తే డిలీట్ చేయకండి. "తీసుకురండి, డబ్బు తీసుకోకుండా సరిచేసి ఇస్తాం" అని అందరికీ కనబడేలా అక్కడే జవాబివ్వండి. సరిచేశాక ఆ ఫొటో కూడా ఆ కామెంట్ కిందే పెట్టండి.