పసిబిడ్డ ఒంటిపై రక్తనాళ గడ్డ: దేనికి ఆగవచ్చు, దేనికి ఆగకూడదు

పుట్టిన కొద్ది వారాలకు చర్మంపై ఎర్రగా ఉబికే రక్తనాళ గడ్డ (హీమాంజియోమా) క్యాన్సర్ కాదు. చాలావరకు మొదటి 5 నెలల్లోనే పెరిగి, తరువాత కొన్నేళ్లలో దానంతటదే తగ్గుతుంది. వారానికోసారి పక్కన రూపాయి బిళ్ల ఉంచి ఫోటో తీస్తే పెరుగుదల తెలుస్తుంది. అయితే పరిమాణం కన్నా అది ఉన్న చోటే ముఖ్యం. కనురెప్పపై ఉంటే చూపు దెబ్బతినవచ్చు. గడ్డం, మెడ భాగంలో ఉండి, ఊపిరి తీసేటప్పుడు శబ్దం వస్తుంటే శ్వాసనాళంలోనూ ఉండవచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఒంటిపై ఇలాంటి గడ్డలు 5 లేదా అంతకు మించి ఉంటే కాలేయానికి స్కానింగ్ చేయించాలి.

పెదవిపైన, లంగోటా కట్టే చోట ఉన్నవి తరచుగా పుండ్లు పడతాయి. రక్తం కారితే శుభ్రమైన నూలుగుడ్డతో, మధ్యలో తీసి చూడకుండా, 10 నిమిషాలు అదిమిపట్టాలి. సున్నం, ఆకుపసరు పూయవద్దని, వాతలు అసలే పెట్టించవద్దని వేడుకుంటున్నాను.

టెక్కలి, ఇచ్ఛాపురం వైపు వారు ఆశా కార్యకర్తకు చూపించి, బిడ్డకు నెల నిండేలోపే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల వైద్యుని సంప్రదించడం మేలు. వైద్యుడు గడ్డ తగ్గడానికి ప్రొప్రనలాల్ అనే మందు రాస్తే పాలు పట్టేటప్పుడో, పట్టిన వెంటనేనో ఇవ్వాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులవుతున్నా రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక ఆ మోతాదు ఆపి వైద్యునికి తెలపాలి.