ఒంటిపూట బడుల్లో మూడో తరగతి వారం ఎలా నడపాలి?

మార్చి 15 రాగానే ఒంటిపూట బడులు పెడతారు. దానితోపాటు చదువు కూడా సగమే అన్న అభిప్రాయం ఒకటి వచ్చేస్తుంది. పాఠాలు అయిపోయాయి, ఏడాది చివరి సమ్మేటివ్ పరీక్షలు ఇంకా రాలేదు, బయట ఎండ మండిపోతోంది. ఇంకేముంది, పాఠం వెనక ప్రశ్నలు మళ్ళీ రాయిస్తూ, ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఏప్రిల్ 23 దాకా రోజులు దొర్లించేస్తారు. మళ్ళీ జూన్ 12న బడి తెరవగానే "సెలవుల్లో అంతా మర్చిపోయారండీ" అంటారు. మర్చిపోవాలంటే ముందు వచ్చి ఉండాలి కదా!

ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను, అందులో ఎక్కువ ఏళ్ళు మూడో తరగతికే. నన్నడిగితే ఏడాది మొత్తంలో పిల్లలకి నిజంగా చదవడం నేర్పగలిగేది ఈ వారాల్లోనే. సిలబస్ తరుముకు రాదు, అధికారులు కూడా ఎండకి జడిసి తక్కువగా వస్తారు. కాకపోతే వారాన్ని ఒక పద్ధతిలో కట్టుకోవాలి. ఆ పద్ధతి ఒక్కటే: వారంలో ప్రతి పిల్లా పిల్లాడూ ఒక్కసారైనా మన పక్కన ఒంటరిగా కూర్చుని చదవాలి, మనం వినాలి. నీడలు కొలవడం, చింతగింజలు లెక్కపెట్టడం, కథలు చెప్పడం లాంటివన్నీ దానికి వీలు కల్పించడానికే.

కావలసినవి

ఒక డబ్బా చింతగింజలు, మీటరు కర్ర, సుద్దముక్కలు, దారం, ఒక చాప, మీకోసం ఒక పాత నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను వద్దు, ఎర్ర పెన్ను అసలే వద్దు. చార్టులూ రంగుకాగితాలూ కొనకండి. ఈ రోజుల్లో గాలికి అవి గోడ మీద రెండు రోజులు కూడా ఆగవు, మీ జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

వేళలు

ఆంధ్రాలో బడి ఏడుంముప్పావు నుంచి పన్నెండున్నర దాకా. తెలంగాణలో ఎనిమిదింటికి మొదలవుతుంది, అంతే తేడా. ప్రార్థన అయ్యాక ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా తెలుగు, తర్వాత గంట లెక్కలు, విరామం, ఆపైన పరిసరాల విజ్ఞానం, చివర్లో పాటో కథో. తొమ్మిదిన్నరకీ, పదిన్నరకీ, పదకొండున్నరకీ నీళ్ళ గంట కొట్టండి. గంట కొట్టి ఊరుకోకండి, అందరూ తాగేదాకా నిలబడండి. పదకొండు దాటాక మైదానంలోకి ఎవర్నీ పంపకండి.

తెలుగు పొద్దున్నే పెట్టడానికి కారణముంది. పదకొండింటికి రేకుల కప్పు వేడెక్కి పిల్లల కళ్ళు వాలిపోతాయి. అప్పుడు చదివిస్తే చదువు రానిదెవరికో నిద్ర వస్తున్నదెవరికో తేల్చలేం. ఇంకొక మాట, ఇంత పొద్దున్నే బడి అంటే సగం మంది ఏమీ తినకుండానే వస్తారు. రాగి జావ ఇచ్చే రోజైతే తాగించాకే మొదలుపెట్టండి. లేనిరోజు ముందుగా "పొద్దున ఏం తిన్నావురా?" అని అడగండి. "ఏం లేదు టీచర్" అన్నవాణ్ణి ఆ రోజుకి వదిలేసి, రేపటి జాబితాలో వేసుకోండి.

మిగతావాళ్ళకి పని

ఒకణ్ణి వింటుండగా ఇరవై మూడు మంది ఊరుకోవాలంటే వాళ్ళ చేతుల్లో మన అవసరం లేని పని ఉండాలి. ఈ రోజుల్లో ఊళ్ళో ఏ ఇంటి అరుగు మీద చూసినా చింతపండు కొడుతూ ఉంటారు. గింజలు తెమ్మంటే తట్టలతో తెస్తారు. నలుగురేసి జట్లు కట్టి, నేలమీద సుద్దతో ఏడేసి గళ్ళు రెండు వరసలు గీసి వామనగుంటలు ఆడుకోమనండి. గింజలు పంచడం, కూడడం, ఎన్ని మిగిలాయో చూడడం, అంతా లెక్కలే. ఇంకో జట్టుకి పదేసి గింజల కుప్పలు, మరో జట్టుకి నిన్న విన్న కథకి బొమ్మ. జట్లని రోజూ మార్చండి. ఫోనులో వీడియో పెట్టి కూర్చోబెట్టేవాళ్ళని చూశాను. ఆ మోతలో పక్కవాడు చదివేది మనకే వినపడదు.

అసలు పని: ఒక్కొక్కరినీ వినడం

అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

మొదటి తప్పు పాఠ్యపుస్తకం ఇచ్చి చదవమనడం. మార్చి నాటికి పిల్లలకి ఆ పుస్తకం నోటికొచ్చేసి ఉంటుంది. ఒకేడు మా తరగతిలో గడగడా చదివే పిల్లాడొకడు ఉండేవాడు. ఒకరోజు నా పక్కన కూర్చుని చదువుతూ రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాడు. వేలు కొత్త పేజీ మీద ఉంది, నోరు మాత్రం దాటిపోయిన పేజీని ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదువుతోంది. వాడు చదవడం లేదని మూడేళ్ళుగా ఎవరికీ తెలియలేదు. నాకూ ఎనిమిది నెలలు తెలియలేదు.

అందుకని వాళ్ళు ఎప్పుడూ చూడని నాలుగైదు వాక్యాలు మీరే రాయండి. ఒకసారి నేను రాసుకున్నవి ఇవి:

"మా వీధి చివర చలివేంద్రం పెట్టారు. కొత్త కుండల్లో నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఉక్కపోతకి తాతయ్య రెండు గ్లాసులు తాగాడు. మేక కూడా వచ్చి మూతి పెట్టింది. అందరం నవ్వాం."

ఇరవై రెండు మాటలు, అందులో పదమూడింటికి ఒత్తులున్నాయి. ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. వారం వారం మార్చండి, లేకపోతే బుధవారానికల్లా ఇది కూడా తరగతి మొత్తానికి కంఠతా వచ్చేస్తుంది. నిజానికి ఒకే వారంలో రెండు మూడు రకాలు రాసిపెట్టుకోవడం మేలు.

రెండో తప్పు చోటు. బల్లకి అవతల నిలబెట్టి చదివిస్తే అది విచారణ అవుతుంది. వరండా చివర చాప వేసి, పిల్లల పక్కనే, వాళ్ళు చూస్తున్న వైపే మీరూ చూస్తూ కూర్చోండి. మిగతా తరగతి మీకు కనపడాలి, వీళ్ళ గొంతు మాత్రం వాళ్ళకి వినపడకూడదు. రోజుకి ఐదుగురు, మనిషికి నాలుగైదు నిమిషాలు. ఇరవై నాలుగు మంది శుక్రవారానికి పూర్తవుతారు. సోమవారం బాగా వెనకబడ్డవాళ్ళతో మొదలుపెట్టకండి, ఆదివారం మత్తు వదలదు. తెలివైనవాళ్ళతోనూ మొదలుపెట్టకండి, వాళ్ళు వచ్చి "చాలా ఈజీ రా" అని చాటేస్తారు. నడిమివాళ్ళతో మొదలుపెట్టాలి.

మూడోది అసలైన తప్పు: దిద్దడం. పిల్ల ఒక మాట దగ్గర ఆగగానే మన నోరు ఊరుకోదు. "ఉక్కపోత" అని అందించేస్తాం. అందించిన మరుక్షణం వినడం ఆగిపోయి చెప్పడం మొదలైనట్టే. ఆ పిల్లకి ఏది రాదో ఇక తెలియదు. పైగా తర్వాతి ప్రతి మాట దగ్గరా ఆగి మన మొహం చూడడం అలవాటవుతుంది. ఆగినప్పుడు మనసులో పది దాకా లెక్కపెట్టండి. పది చాలా పొడుగు, చేసి చూస్తే తెలుస్తుంది. నేనైతే నోట్లో లవంగం పెట్టుకుంటాను. మీరూ పెట్టుకోండి. నోరు మూసుకోవడానికి ఇంతకన్నా చవకైన మందు లేదు.

కిందటేడు ఒక అమ్మాయి "ఉకపోతకి" అని చదివి ఆగింది. నేను పలకలేదు. మళ్ళీ "ఉక... పోత" అంది. ఆరు, ఏడు లెక్కపెడుతున్నాను. ఇంతలో మెడ మీద చెమట చేత్తో తుడుచుకుని, ఆ చేతినోసారి చూసుకుని, "ఉక్కపోత టీచర్!" అని అరిచింది. ఆ క ఒత్తు ఆ పిల్లకి ఇక ఎప్పటికీ పోదు. మూడో అంకె దగ్గర నేను అందించి ఉంటే అది నా ఒత్తుగానే మిగిలిపోయేది.

పది దాటినా రాకపోతే "సరే, ముందుకెళ్ళమ్మా" అనండి, చాలు. ముఖం చిట్లించకూడదు. "ఇది కూడా రాదా" అన్న మాట ఆ చాప మీద ఒక్కసారి వినపడిందంటే ఇక ఆ వారం మీదగ్గర ఎవరూ నోరు విప్పరు.

చదవడం అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న. "మేక మూతి ఎక్కడ పెట్టింది?" జవాబు వాక్యంలో ఉండదు. అక్షరాలు మాత్రమే చదివిన పిల్లలు వేలు పెట్టి వెతుక్కుంటారు. అర్థం చేసుకున్నవాళ్ళు ఫక్కున నవ్వి "కుండలో!" అంటారు. నాకు ఆ నవ్వు నూటికి నూరు మార్కులతో సమానం.

గడియారం పెట్టి చదివించే అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టింది. అర్థం అన్న మాట జారిపోయి అరవై ఒక్కటే చాలామంది చేతిలో మిగిలింది. పైగా మాటలన్నీ ఒక్క పొడుగు కావు. మనం "వెళ్ళిపోతున్నాడు" అని ఒక్క మాటలో చెప్పేదాన్ని హిందీ పిల్లాడు "చలా జా రహా హై" అని నాలుగు మాటల్లో చదువుతాడు. ఫోనులో సెకన్లు చూపిస్తే పిల్లలు ఒత్తులు మింగేసి పరుగెడతారు. చాప మీద గడియారం ఉండకూడదు.

నోటుబుక్కులో పేరు, తేదీ, ఆగిన మాటలు, తప్పు చదివిన మాటలు మాత్రం రాసుకోండి. పిల్లలు వెళ్ళాక రాయండి, వాళ్ళ ముందు రాస్తే కళ్ళు మన పెన్సిలు మీదే ఉంటాయి. మర్నాడు పది నిమిషాలు ఒకే ఇబ్బంది ఉన్నవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టండి. ఇబ్బందిని బట్టి అన్నాను, స్థాయిని బట్టి కాదు. ఏ, బి, సి అని గోడ మీద పేర్లు అంటిస్తే సి లో ఉన్నవాళ్ళకి చదువు రాకపోయినా ఆ సి మాత్రం బాగా గుర్తుంటుంది.

ఏటా కనపడే ఇబ్బంది ఒకటి చెబుతాను. "ఆవు" రాయమంటే కొందరు "ఆమ" రాస్తారు. అది నిర్లక్ష్యం కాదు. వ పక్కన కొమ్ము పెడితే అచ్చం మ అయిపోతుంది, అందుకే వ కి కొమ్ము కిందకి దిగుతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు, వందసార్లు రాయమంటారు. బోర్డు మీద రెండూ పక్కపక్కన గీసి చూపిస్తే రెండు నిమిషాల పని.

బుధవారం నీడ

లెక్కలకి కొలత, పరిసరాలకి సూర్యుడు, రెండూ ఒకేరోజు తీరతాయి. చదునైన చోట మీటరు కర్ర నిలబెట్టండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. ఎనిమిదింటికీ, పదింటికీ, పన్నెండుంపావుకీ నీడ కొసన సుద్దతో గీత, పక్కన వేళ. ఆఖరి గీతకి ఇద్దరు పిల్లలు మీతో వస్తే చాలు. ఏప్రిల్ మొదటివారంలో గుంటూరు ప్రాంతంలో పొద్దున నీడ ఇంచుమించు రెండు మీటర్లుంటుంది, పదింటికి మీటరులో మూడింట రెండు వంతులు, ఆఖరికి పిల్లల జానెడు. ముందు ఊహించి చెప్పమని, తర్వాతే కొలిపించండి.

నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది పన్నెండింటికి కాదు, ఇంకో పది నిమిషాలకి. మన గడియారం నడిచేది కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. గుంటూరు దానికి పడమర కాబట్టి సూర్యుడు కాస్త ఆలస్యంగా నడినెత్తికి చేరతాడు. మూడో తరగతికి ఇదంతా అక్కర్లేదు. కానీ "పన్నెండింటికి నీడ మాయమవుతుంది" అని మాత్రం చెప్పకండి, పిల్లలు కొలిచి చూసి మిమ్మల్ని పట్టుకుంటారు.

మిగిలిన రోజులు

సోమవారం బడి ఆవరణలో వేపచెట్టు కింద పూత, చిగురు, రాలిన ఆకులు చూసి బొమ్మ. మంగళవారం ముందే నింపి పెట్టిన మట్టికుండలో నీళ్ళూ, స్టీలు బిందెలో నీళ్ళూ ముట్టుకుని చూడడం. కుండ బయట తడి ఎందుకుందో వాళ్ళనే వాదించుకోనివ్వండి. గురువారం అవ్వనో తాతనో అడిగి పొడుపుకథ తేవాలి. శుక్రవారం పక్షులకి నీళ్ళ మూకుళ్ళు పెట్టడం, రోజూ నింపే వంతుల పట్టిక వేయడం. వంతుల పట్టిక పిల్లలే రాయాలి, అది వాళ్ళకి రాత పని కూడా.

శనివారం

వారంలో రానివాళ్ళనీ, తిండి లేక వదిలేసినవాళ్ళనీ ఈ రోజు వినండి. ఎక్కువ మాటల దగ్గర ఆగినవాళ్ళని మరోసారి వినండి. సోమవారం జాబితా రాసి నోటుబుక్కు మొదటి పేజీలో పెట్టుకోండి.

భోజనం గంటకి ముందు చింతగింజలన్నీ లెక్కపెట్టించి డబ్బాలో వేయించండి. వారం మొదట్లో ఉన్నన్ని ఉండవు. అష్టాచెమ్మా ఆడడానికి అరగదీసిన గింజలు నాలుగు కావాలి కదా, పోయేవి కూడా నాలుగు చొప్పునే పోతాయి. కిందటి వారం పన్నెండు తగ్గాయి. "ఎంతమంది తీసుకెళ్ళి ఉంటారు?" అని అడిగితే ముగ్గురు వెంటనే జవాబు చెప్పారు. ఆ ముగ్గురే.