కుక్కపిల్ల ఇల్లంతా తడిపేస్తుంటే

మాది అమలాపురం దగ్గర పల్లె. శ్రావణం ముసురులో రెండు నెలల నాటుకుక్క పిల్లని తెచ్చాం. రోజూ వీధిగుమ్మం పక్కన అదే మూల తడిపేది. మా అత్తయ్యకి ఒకటే టెన్షన్. మూతి అందులో రాసి రెండు తగిలించమన్నారు పక్కింటి బాబాయిగారు. అలా చేస్తే భయపడి మంచం కిందకి దూరి పోస్తుంది, అంతే తేడా!

అసలు సంగతి వాసన. ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకి పోతుంది గానీ దాని ముక్కుకి పోదు. తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి ఆ మూల బాగా తడిపి, కాసేపాగి తుడిచాను.

ఆ తర్వాత టైము. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆడుకున్నాక బయటికే. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఎత్తుకుని పరుగే. వానంటే దానికి చిరాకు, అందుకని చూరు కింద ఇసుక పోశాం. టీకాలన్నీ పూర్తయ్యేదాకా పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) భయంతో వీధిలోకి ఎలాగూ వదల్లేదు. పని కాగానే అక్కడికక్కడే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. ఇంట్లోకొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకే అనుకుంటుంది.

ఆ వయసు పిల్ల మూడు గంటలకి మించి ఆపుకోలేదు. రాత్రికి అలారం తప్పదండి. ఇప్పుడైతే అదే తలుపు గోకుతోంది.